నిలబడ్డ పాదం

పిన్ని చెప్పేది ఒకటి, నేను రాసేది ఒకటి. మా దుకాణం ఆ రెండింటి మధ్య నడుస్తుంది.

"ఫొటోలో ఉన్న రంగు లేదంటున్నాడా? కళ్ళజోడు మార్చుకోమని రాయి," అంటుంది పిన్ని, పళ్ళ మధ్య దారం పట్టుకుని. 'ఫొటోకీ తోలుకీ రంగులో కొద్దిపాటి తేడా ఉండవచ్చు, మన్నించగలరు' అని నేను రాస్తాను. "పార్సిలు కాస్త ఆలస్యమైతే కొంపలు మునిగాయా అని అడుగు," అంటాడు బాబాయి, తల ఎత్తకుండానే. 'ఇంత ఓపిగ్గా ఎదురుచూసినందుకు కృతజ్ఞతలు' అని రాస్తాను. రాసింది పైకి చదివితే ఇద్దరూ కాసేపు ఆలోచిస్తారు. "నేనన్నదీ అదేగా," అంటుంది చివరికి పిన్ని.

ఈ పని కోసమే నన్ను ఊరి నుంచి పిలిపించారు. బాబాయి బూట్లు కుడతాడు. పిన్ని లోపలి మెత్తలు కుట్టి, పెట్టెల్లో సర్ది, పార్సిళ్ళు కడుతుంది. ఇద్దరికీ చేతుల్లో ఉన్న నేర్పు నోట్లో లేదు. ఊరి బళ్ళో చదివేటప్పుడు మా వీధి పిల్లలందరి సెలవుచీటీలూ నేనే రాసిపెట్టేదాన్నని మా అమ్మ ఎప్పుడో గొప్పలు చెప్పుకుందట. పిన్నికి ఆ మాట గుర్తుండిపోయింది.

మేం కుట్టేవి రెండు కాళ్ళకీ రెండు సైజులున్నవాళ్ళ బూట్లు. అలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారులే అని మొదట్లో అనుకున్నాను. చాలామందే ఉన్నారు. చిన్నప్పుడు జబ్బుచేసి ఒక కాలు ఎదగనివాళ్ళు, మడమ విరిగి అతికినవాళ్ళు, షుగరుతో వేళ్ళు తీయించుకున్నవాళ్ళు. మామూలు షాపులో రెండు జతలు కొని, ఒక్కో జతలో ఒక్కో బూటు పక్కన పడేసేవాళ్ళు వీళ్ళంతా. ఇంట్లో కాగితం మీద పాదం పెట్టి, చుట్టూ పెన్సిల్‌తో గీసి, ఆ కాగితాలు మాకు పోస్టులో పంపుతారు. బాబాయి ఆ గీతను బట్టి చెక్కతో పాదం అచ్చు చెక్కి, దాని మీద తోలు బిగించి బూటు కడతాడు.

సైకిళ్ళు బాగుచేసే షాపు పైన మాది ఒకటే గది. కిటికీ కింద బాబాయి బల్ల, అటు గోడకి పిన్ని కుట్టుమిషను, తలుపు పక్కన అట్టపెట్టెల దొంతర, దాని పక్కన నేను. గోడ నిండా మేకులు, మేకులకి కాగితం పాదాలు. గాలి వేస్తే అన్నీ ఒక్కసారి రెపరెపలాడతాయి, ఎవరో పిలిస్తే బయల్దేరబోతున్నట్టు.

ఆ రోజు పొద్దున టీ గ్లాసు కింద పెట్టి ఫోన్ తెరిచేసరికి ఒంటి స్టారు కనిపించింది.

మేం అమ్మే సైటులో ప్రత్యేక పాదరక్షలకి ఒక పేజీ ఉంది. రెండు సైజుల బూట్లు కావాల్సినవాళ్ళు నేరుగా ఆ పేజీకే వస్తారు. మాకొచ్చే ఆర్డర్లు దాదాపు అన్నీ అక్కణ్ణుంచే. నాలుగున్నర స్టార్ల కన్నా తగ్గిన దుకాణాన్ని నెలాఖరుకి ఆ పేజీలోంచి తీసేస్తారు. మాది అప్పటికే అంచు మీద ఉంది. వేలల్లో రివ్యూలున్నవాళ్ళకి ఒంటి స్టారు దోమకాటు. మాలాంటివాళ్ళకి పాముకాటు.

కింద రాసింది చిన్నదే. 'బూట్లు పట్టలేదు. మనిషి ఏడ్చాడు. డబ్బు వాపసు ఇవ్వండి.'

ఆర్డరు వివరాలు చూశాను. బూట్లు పంపి ఎనిమిది నెలలైంది. వాపసు గడువు ఎప్పుడో దాటిపోయింది.

"ఎనిమిది నెలలా?" పిన్ని మిషను ఆపేసింది. "అరిగేదాకా తొడుక్కుని ఇప్పుడొచ్చిందా పట్టలేదని? పెళ్ళయి పిల్లలు పుట్టాక మొగుడు నచ్చలేదన్నట్టుంది. రాయి అమ్మడూ, అదే రాయి."

"అదే రాయనా?"

"నీ పద్ధతిలో రాయి."

నా పద్ధతిలో రాశాను. 'మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం. మీరు పంపిన కొలతకు సరిగ్గా సరిపోయేలా బూట్లు కుట్టి పంపాం. వాపసు గడువు ముగిసినందున ఇప్పుడు డబ్బు తిరిగి ఇవ్వలేము.' పంపేశాక బాబాయి వైపు చూశాను. ఆయన పని ఆపి, బొటనవేలికి అంటిన బంక గీక్కుంటున్నాడు.

"ఇంకోసారి చదువు తల్లీ, ఆవిడ రాసింది."

చదివాను.

"పట్టలేదంటోందా?"

"అవును బాబాయ్."

ఆ పూటంతా ఆయన ఒకే మడమ మీద తోలు మూడుసార్లు బిగించి మూడుసార్లు విప్పాడు. రంగు బాగాలేదని, ఆలస్యమైందని, పెట్టె నలిగిందని మామీద ఫిర్యాదులు వచ్చాయి గానీ, పట్టలేదని ఎవరూ అనలేదు. అది ఒక్కటీ ఆయన ప్రాణం.

మధ్యాహ్నం కవర్ల అన్న వచ్చాడు. కింద సైకిల్ షాపు వెనక చిన్న గదిలో ఉండి ఫోన్ కవర్లు అమ్ముతాడు, మా సైటులోనే. స్టార్ల విషయంలో ఆయన మాకు డాక్టరు, లాయరు అన్నీ. ఫోన్ నా చేతిలోంచి తీసుకుని చూసి నవ్వాడు.

"ఇదా! దీనికా వదినా అన్నం మానేసి కూర్చున్నారు? చెల్లెమ్మా, ఇక్కడ మూల మీద మూడు చుక్కలున్నాయా, అవి నొక్కు. 'రిపోర్టు' అని వస్తుంది. కారణం అడుగుతుంది. 'గడువు దాటాక పెట్టిన రివ్యూ' అని ఎంచుకో. తెల్లారేసరికి మాయం."

"అంతేనా?" అంది పిన్ని.

"అంతే. నేను కిందటి వారం రెండు లేపేశాను."

"నీ కవర్లు నిజంగానే ఊడిపోతాయి కదయ్యా," అన్నాడు బాబాయి.

"ఊడిపోతే ఇంకోటి కొంటారు మేస్త్రీ, అదేగా వ్యాపారం!" అని నవ్వుకుంటూ దిగిపోయాడు ఆయన.

నేను మూడు చుక్కలు నొక్కాను. కారణాల పట్టీ వచ్చింది. అన్న చెప్పింది అందులో మూడోది. బొటనవేలు దాని మీద పెట్టబోతుంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"దుకాణమేనా?" ఆడగొంతు. వెనక ఏదో బుస్సుమంటోంది, ఆవిరి వదిలినట్టు. "నేను ఒంటి స్టారు ఇచ్చినదాన్ని. ఆ జవాబు రాసింది ఎవరమ్మా?"

ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. పిన్ని కళ్ళతోనే నాతో 'తగ్గకు' అంది.

"నేనేనండి. చెప్పండి."

"కొలతకి సరిగ్గా కుట్టాం అని రాశావు కదా. అది నేను మా ఆయనకి చదివి వినిపించా. ఏమన్నాడో తెలుసా? చూశావా, బూటు బాగానే ఉంది, నా కాలే పనికిరానిది అన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ లేవనంటున్నాడు."

పిన్ని కళ్ళు మామూలుగా అయ్యాయి.

"అసలేం జరిగిందో చెప్పండి అమ్మా," అన్నాడు బాబాయి, ఫోన్ దగ్గరికి వంగి. "నేను బూటు కుట్టినవాణ్ణి."

ఆవిడ చెప్పింది. వాళ్ళాయన ఇళ్ళకి రంగులేసేవాడు. నిచ్చెన మీంచి పడ్డాడు. ఎడమ మడమ నుజ్జయింది, నడుముకీ దెబ్బ తగిలింది. ఆపరేషన్ అయ్యాక మంచం మీదే. లేచి నడుస్తాడన్న నమ్మకం పోకుండా ఉండాలని ఆవిడే బూట్లు ఆర్డరిచ్చింది. వచ్చిన రోజు మంచం మీదే తొడిగి చూసింది. చక్కగా పట్టాయి. అప్పట్నుంచీ బూట్లు మంచం కాళ్ళ దగ్గర పెట్టి రోజూ తుడిచేది. ఎనిమిది నెలలకి మొన్న వ్యాయామం చేయించేచోట ఇద్దరు పట్టుకుని ఆయన్ని మొదటిసారి నిలబెట్టారు. కొత్త బూట్లతోనే.

"నిలబడీ నిలబడగానే అబ్బా అన్నాడు. ముందు భయం అనుకున్నాం. బూటు విప్పితే వేళ్ళ దగ్గర ఎర్రగా కోసుకుపోయింది. బూట్లు ఇంకా కొత్తవేనమ్మా, అరగడానికి ఎనిమిది నెలలు అవి నేల మీద మోపితేగా!"

పిన్ని మొహం పక్కకి తిప్పుకుంది. అరిగేదాకా తొడుక్కున్నారన్న మాట ఆవిడకి వినపడలేదు కదా అన్నట్టు నా వైపు చూసింది. వినపడలేదు, నేను రాయలేదు.

"పాదం ఎలా గీశారమ్మా?" అని అడిగాడు బాబాయి.

"ఎలా ఏంటి? మీరు చెప్పినట్టే. కాగితం మీద పాదం పెట్టి చుట్టూ గీశా."

"ఆయన మంచం మీద ఉన్నాడుగా?"

"అట్ట మీద కాగితం పెట్టి, అట్ట నా ఒళ్ళో పెట్టుకుని, కాలు దానికి ఆనించి గీశా. జాగ్రత్తగానే గీశానండి. గీత ఎక్కడా వంకర పోలేదు."

"వంకర పోలేదమ్మా," అన్నాడు బాబాయి. నెమ్మదిగా వెనక్కి జరిగి తన స్టూలు మీద కూలబడ్డాడు.

ఆ స్టూలు గురించి చెప్పాలి. నేను రాకముందు, సైటూ ఫోనూ లేనప్పుడు, బాబాయికి బజారు మూల మీద చిన్న షాపు ఉండేది. నలుగురు పడితే ఐదో మనిషి వీధిలో నిలబడేంత షాపు. అందులో ఉన్న ఒకే ఒక్క స్టూలు ఇదే, దీని మీద ఎప్పుడూ బాబాయే కూర్చునేవాడు. వచ్చినవాళ్ళు నిలబడక ఏం చేస్తారు? నేల మీద కాగితం పరిస్తే దాని మీద నిలబడేవాళ్ళు. ఒళ్ళు బరువంతా మోపి నిలబడ్డ పాదాన్నే బాబాయి జీవితమంతా గీశాడు. నిలబడండి అని ఎవరికీ చెప్పాల్సిన అవసరమే రాలేదు. తర్వాత దుకాణం సైటులోకి మారింది. కొలత ఎలా ఇవ్వాలో రాయమంటే, షాపులో నోటితో చెప్పే మాటే పిన్ని రాయించింది. 'కాగితం మీద పాదం పెట్టి చుట్టూ గీయండి.' ఇన్నాళ్ళూ గీసి పంపినవాళ్ళలో ఎంతమంది కుర్చీలో కూర్చుని గీశారో, ఎంతమంది బూట్లు కాస్త బిగుతుగా ఉన్నా తోలు సాగుతుందిలే అని ఊరుకున్నారో మాకెవరికీ తెలీదు.

"మోపితే పాదం పరుచుకుంటుందమ్మా," అన్నాడు బాబాయి ఫోన్‌లో. "వెడల్పూ పొడుగూ రెండూ పెరుగుతాయి. మీరు ఒళ్ళో గీసింది గాలిలో ఉన్న పాదం. నిలబెట్టి గీయాలని నేను చెప్పలేదు. తప్పు నాది. మీ డబ్బు మీకు పంపిస్తాను. బూట్లు కూడా వేరే కుడతాను."

అవతల ఆవిరి బుస్సుమనడం ఆగింది.

"డబ్బు కోసం కాదండీ," అంది ఆవిడ. "మామూలుగా రాస్తే ఎవరూ పలకరు కదా. రిఫండ్ అంటే పలుకుతారని మా పక్కింటామె చెప్పింది. డబ్బు మీరే ఉంచుకుని బూట్లు కుట్టండి. కానీ నిలబెట్టి గీయాలంటే ఎలా? లేవనంటున్నాడుగా."

"మీ ఇల్లెక్కడ?"

వాళ్ళదీ ఈ పట్నమే. రెండు బస్సులు మారితే చాలు.

ఫోన్ పెట్టేశాక పిన్ని నా చేతిలోకి చూసింది. కారణాల పట్టీ ఇంకా అలాగే తెరిచి ఉంది.

"పాపం, కొత్త బూట్లు కుట్టివ్వండి, ఎవరు కాదన్నారు?" అంది. "మెత్తలు నేను రెండేసి పొరలు వేస్తాను. కానీ అది మాత్రం నొక్కెయ్ అమ్మడూ. ఆవిడకీ నష్టం లేదు, మనకీ ఉండదు."

"నొక్కకు," అన్నాడు బాబాయి.

"ఏం, అబద్ధం చెప్పమన్నానా? గడువు దాటిందా లేదా? ఉన్నమాటే కదా!"

"దాటింది. ఆ మనిషి లేచి నిలబడటానికి మనం గడువు పెట్టామా?"

"మాటలకేం, బానే ఉంటాయి. నెలాఖరుకి ఆ పేజీలోంచి పీకేస్తే ఈ గోడకి మేకులు ఖాళీగా వేలాడతాయి. అప్పుడు ఈ మాటలే కుట్టుకుని అమ్ముదురుగాని."

పిన్ని నా వైపు తిరిగింది. ఇద్దరి మధ్యా నేను. మామూలుగా అయితే ఇద్దరి మాటల్నీ మెత్తగా చేసి ఒక వాక్యంగా రాసేస్తాను. దీన్ని మెత్తగా చేసే దారి లేదు. నొక్కడమో, మానడమో.

"ఆయనకి ఆవిడ అన్నీ చదివి వినిపిస్తుంది పిన్నీ," అన్నాను. "రివ్యూ తీసేశారని కూడా వినిపిస్తుంది. అప్పుడు ఆయన మళ్ళీ తప్పు తన కాలిదే అనుకుంటాడు."

పిన్ని నన్ను చాలాసేపు చూసింది. "నిన్ను ఊరి నుంచి తెచ్చుకున్నది నాకు తిరిగి చెప్పడానికా?" అని మిషను తొక్కడం మొదలుపెట్టింది. దారం లేకుండానే తొక్కింది. నేను పట్టీ మూసేశాను.

మర్నాడు బాబాయీ నేనూ వెళ్ళాం. కింద అంతస్తులో ఒక గది, ముందు చిన్న వసారా. వసారాలో ఆవిడ ఇస్త్రీ బల్ల. పక్కన మడతలు పెట్టిన బట్టల దొంతరలు, ఒక్కోదాని మీదా ఇంటి నంబరు రాసిన చీటీ. ఆవిడ వయసు పిన్ని అంతే ఉంటుంది. మమ్మల్ని చూసి చేతులు చీరకి తుడుచుకుని, లోపలికి రమ్మని తల ఊపింది.

ఆయన మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పొడుగు మనిషి. మంచం ఆయనకి సరిపోలేదు. గోళ్ళ అంచుల్లో ఏనాటిదో నీలం రంగు ఇంకా ఉంది.

"ఏం మేస్త్రీ, స్టారు తీసేయమని బతిమాలడానికి వచ్చారా?" అన్నాడు.

"కాదు. బూటు తప్పు కుట్టాను, ఆ మాట చెప్పడానికి వచ్చాను."

"కొలతకి సరిగ్గా ఉందని రాశారుగా?"

"కొలతకి సరిగ్గానే ఉంది. కొలత పడుకున్న కాలిది. మీకు కావాల్సింది నిలబడ్డ కాలిది. రెండూ ఒకటి కావు. అది అడగాల్సినవాణ్ణి నేను, అడగలేదు. మీ కాలు తప్పేం లేదు."

ఆయన నమ్మినట్టు కనిపించలేదు. "నన్ను ఊరడించడానికి అంటున్నారు. ఇదిగో, ఈవిడ నేర్పిందా ఈ మాట?"

"నాకేం తెలుసు చెప్పులు కుట్టడం!" అంది ఆవిడ తలుపు దగ్గర్నుంచి. "నేర్పితే ముందు నీకు బుద్ధి నేర్పేదాన్ని."

బాబాయి వాదించలేదు. సంచిలోంచి ఒక కాగితం తీశాడు. మంచం పక్కనే కింద కూర్చుని, కాలు చాపి, అరికాలికి కాగితం ఆనించి నన్ను గీయమన్నాడు. గీశాను. తర్వాత లేచి అదే కాలు అదే కాగితం మీద, ఆ గీతలోనే మోపి నిలబడ్డాడు. చిటికెనవేలి వైపు పాదం గీత దాటి బయటికొచ్చింది. ముందు వేళ్ళూ దాటాయి. ఆయన మంచం మీంచి వంగి చూశాడు. తర్వాత వేలితో ఆ గీతా పాదం మధ్య ఉన్న తేడాని తాకి చూశాడు.

"రంగూ అంతే," అన్నాడు నెమ్మదిగా. "డబ్బాలో ఒకలా ఉంటుంది, గోడ మీద ఆరాక ఇంకోలా. డబ్బా చూపించి ఖాయం చేసుకుంటే తర్వాత గొడవే. నేనెప్పుడూ గోడ మీద ఒక మూల పూసి, ఆరబెట్టి చూపించేవాణ్ణి."

"మరి నేను డబ్బా చూసి కుట్టాను," అన్నాడు బాబాయి.

ఆయనకి నవ్వొచ్చింది. ఆవిడ ఆ నవ్వు చూసి చప్పున తల తిప్పుకుని, వసారాలో ఇస్త్రీ పెట్టె కట్టేసే పని ఉన్నట్టు వెళ్ళింది. వెళ్ళి వచ్చేసరికి ఆయన కాళ్ళు మంచం కిందికి దింపి ఉన్నాడు.

ఒక వైపు ఆవిడ, ఒక వైపు నేను. ఆయన చెయ్యి నా భుజం మీద పడేసరికి నా మోకాళ్ళు కాస్త వంగాయి. ఊళ్ళో నీళ్ళ బిందెలు మోశాను, గడ్డిమోపులు మోశాను. మనిషి బరువు వేరు. అది కదులుతుంది, వణుకుతుంది, నువ్వు వదిలేస్తావేమోనని నిన్నే గమనిస్తూ ఉంటుంది. బాబాయి నేల మీద బోర్లా పడుకున్నట్టు వంగి ఎడమ పాదం దగ్గర పెన్సిల్ పెట్టాడు. ఆయన గీత ఎప్పుడూ నిదానంగా నడుస్తుంది. ఆ రోజూ అంతే నిదానంగా నడిచింది. ఆవిడ పెదాలు కదుపుతోంది, తొందరగా కానివ్వమని చెప్పలేక.

"చాలు, కూర్చోండి," అన్నాడు బాబాయి గీత కలవగానే. "రెండోది మళ్ళీ కాసేపాగి గీద్దాం."

"రెండోదీ గీసెయ్యండి," అన్నాడాయన. చెమటలు కారిపోతున్నాయి. "ఉన్నాగా, నిలబడే ఉన్నాను. ఎక్కడికీ పోను."

బాబాయి రెండో కాగితం జరిపాడు.

వచ్చేటప్పుడు ఆవిడ వీధి దాకా వచ్చింది. "ఆ స్టారు సంగతి..." అని ఆగింది.

నేను బాబాయి వైపు చూశాను. ఆయన బస్సు వస్తోందేమోనని అటు చూస్తున్నాడు.

"మీ ఇష్టమండి," అన్నాను.

"బూట్లు వచ్చాక, ఆయన తొడుక్కున్నాక చూస్తాను. ముందే మార్చడం బాగుండదు."

"బాగుండదు," అన్నాడు బాబాయి, అటు చూస్తూనే.

ఇంటికొచ్చి ఆ రివ్యూ కింద నేను మొదట రాసిన జవాబు తీసేశాను. కొత్తది రాశాను. 'ఈ బూట్లు పట్టకపోవడం మా తప్పు. పాదాన్ని నిలబడి గీయాలని మేం ఎక్కడా చెప్పలేదు. కూర్చుని గాని, పడుకుని గాని గీసి పంపినవారు ఎవరైనా ఉంటే, ఎన్నాళ్ళ కిందట కొన్నా సరే, రాయండి.' ఈసారి పైకి చదివి వినిపిస్తే ఎవరూ 'నేనన్నదీ అదేగా' అనలేదు.

"ఇంకేం, వీధి వీధికీ డప్పు వేయించండి," అంది పిన్ని. కవర్ల అన్న వచ్చి చదివి, తల పట్టుకుని అట్టపెట్టె మీద కూర్చున్నాడు. "చెల్లెమ్మా, ఎంత పని చేశావు! దొంగ తనే స్టేషనుకి వెళ్ళి తాళాలు చేతికిచ్చినట్టుంది," అన్నాడు. పెట్టె ఆయన కింద నలిగింది. దానికి మాత్రం పిన్ని ఆయన్ని వదల్లేదు.

నెలాఖరున మమ్మల్ని పేజీలోంచి తీసేశారు. చెప్పకుండానే తీసేశారు. పొద్దున వెతికితే మేం అక్కడ లేం. ఆ తర్వాత మధ్యాహ్నానికల్లా మిషను చప్పుడు ఆగిపోవడం మొదలైంది. పిన్ని ఖాళీగా కూర్చోలేదు. సైకిల్ షాపువాళ్ళ సీట్లకి తొడుగులు కుట్టింది, ఎదురింటివాళ్ళ సంచులకి జిప్పులు వేసింది. మాతో మాట్లాడాల్సి వస్తే కుట్టుమిషనుతో మాట్లాడేది. "కొందరికి గొప్పలెక్కువయ్యాయిలే," అనేది దానితో. కానీ రంగులాయన కొత్త బూట్ల మెత్తలు మాత్రం తనే అడిగి తీసుకుంది. రెండు పొరలు అన్నది మూడు వేసింది. మడమ దగ్గర కుట్టు చర్మానికి తగలకుండా లోపలికి మడిచి, చేత్తో కుట్టింది. పార్సిలు కట్టేటప్పుడు అందులో ఒక జత మెత్తటి మేజోళ్ళు పెడుతుంటే చూశాను. నేను చూశానని తెలిసి, "సైజు చూస్తున్నాను, అంతే," అంది.

పార్సిలు వెళ్ళింది. ఏ మాటా రాలేదు. పిన్ని రోజూ ఏదో పని పెట్టుకుని నా వెనక నుంచి ఫోన్‌లోకి తొంగిచూసేది. "అడగరాదూ?" అంది ఒకరోజు, మిషనుతో కాదు, నాతోనే. నేను బాబాయిని చూశాను. వద్దని తల ఊపాడు.

చివరికి ఒక సాయంత్రం వచ్చింది. ఆవిడ పాత రివ్యూ కిందే రాసింది. ఒంటి స్టారు మూడు స్టార్లయింది.

'మొదటి జతకి ఒకటి. రెండో జతకి ఐదు. రెండూ కలిపి సగానికి మూడు. రెండో జత తొడుక్కుని వసారా దాకా వచ్చారు. గోడ పట్టుకున్నారు. ఇస్త్రీ బట్టల మీద వంకలు పెట్టారు. మేజోళ్ళు బాగున్నాయి.'

"మూడా?" పిన్ని లేచి నిలబడింది. "రెండు బస్సులు మారి వెళ్ళి, నేల మీద పడుకుని గీసి, మూడు పొరలు వేసి కుడితే మూడా? లెక్కల పంతులమ్మ దొరికింది మనకి! ఐదెయ్యడానికి చేతులు రాలేదా?"

బాబాయి ఫోన్ తీసుకుని తనే కూడబలుక్కుని చదివాడు. నేను ఎప్పుడూ చూడనంతగా నవ్వాడు. భుజాలు కదిలేలా, కళ్ళు తుడుచుకునేలా. "న్యాయంగానే వేసిందే," అన్నాడు. "మొదటి జతకి ఒకటి కూడా ఎక్కువే."

మూడుతో మేం తిరిగి ఆ పేజీలోకి వెళ్ళలేం. ఇంకా చాలా దూరం ఉంది. ఆ లెక్క పిన్నికి నాకన్నా బాగా తెలుసు. అయినా 'వసారా దాకా వచ్చారు' అన్న చోట ఇంకోసారి చదవమంది. చదివాను. "వంకలు పెట్టాడట," అంది తనలో తను. "మగాళ్ళకి కాళ్ళు రాగానే మొదట వచ్చేది అదే."

మర్నాడు ఒక మెసేజు వచ్చింది, కొత్త మనిషి నుంచి. ఆ రివ్యూ, దాని కింద నా జవాబు చదివి రాసినట్టున్నాడు. వాళ్ళ నాన్న కాలు ఆపరేషనయి మంచం మీద ఉన్నాడు. ఇంకా నిలబడలేడు. వాళ్ళే పట్టుకుని పాదాన్ని కాగితం మీద గట్టిగా నొక్కి గీస్తే సరిపోతుందా, బూట్లు ఇప్పుడే ఆర్డరివ్వవచ్చా అని అడిగాడు. ఆ వారంలో మాకు వచ్చిన ఆర్డరు లాంటిది అదొక్కటే.

నేను పైకి చదివాను. మిషను ఆగింది. బాబాయి చేతిలో సగం చెక్కిన అచ్చు పట్టుకుని చాలాసేపు కిటికీలోంచి చూశాడు. నొక్కి గీస్తే ఎంత పరుచుకుంటుందో, తోలు ఎంత వదులు పెడితే సరిపోతుందో లెక్క వేస్తున్నాడనుకున్నాను. పిన్ని కూడా అదే అనుకున్నట్టుంది, ఆయన్నే చూస్తోంది.

"నాకు తెలీదు," అన్నాడు చివరికి. "నొక్కితే ఎంతవుతుందో నాకు తెలీదు. తెలీకుండా కుట్టను."

పిన్ని నోరు తెరిచింది. ఏదో పెద్దదే రాబోతోందనుకున్నాను. మూసేసింది. కాసేపు దారం చుట్ట చేతిలో అటూ ఇటూ తిప్పింది.

"ఆర్డరు వద్దని ఊరికే రాయకు అమ్మడూ," అంది. "ఆ పిల్లాడు మనం కాదన్నామనుకుంటాడు. ఇంకేదన్నా రాయి."

"ఏమని రాయను పిన్నీ?"

"నువ్వేగా రాసేదానివి."

రాశాను. రాసింది పైకి చదవలేదు. ఇద్దరూ చదవమని అడగలేదు.

'ఇప్పుడు ఆర్డరు ఇవ్వకండి. మీ నాన్నగారు నిలబడ్డ రోజు రాయండి. ఎన్నాళ్ళయినా సరే.'